బాయో కుట్టు బట్టను ఇంటిల్లిపాదీ చూసి రావడం ఎలా?

పెళ్ళి జాకెట్టుకు మగ్గం వర్క్ చేయించామని చెప్పుకుంటాం కదా, నిజానికి అందులో నేత అన్నదే లేదు. ఉన్నదంతా సూదీ దారమే. బట్టను బిగించే చట్రాన్ని చూసి ఆ పేరు పెట్టేశారు, అదే నిలిచిపోయింది. ఫ్రాన్సులోని బాయో టేపెస్ట్రీకి కూడా ఇలాంటి పేరే తగులుకుంది. టేపెస్ట్రీ అంటే మగ్గం మీద బొమ్మలు పడేలా నేసిన బట్ట. ఇదేమో అవిసెనార బట్ట మీద ఉన్ని దారంతో చేత్తో కుట్టిన కథ. ఎత్తు అర మీటరే కానీ పొడవు 68 మీటర్ల పైమాట. మన అయిదున్నర మీటర్ల చీరలు పన్నెండు వరసగా పరిచినా ఇంకా కాస్త మిగులుతుంది.

1066లో నార్మండీ ప్రభువు విలియం సముద్రం దాటి వచ్చి ఇంగ్లండును ఎలా గెలుచుకున్నాడన్నది ఆ కథ. అది జరిగిన కొద్ది ఏళ్ళకే, 1070ల్లో, ఇంగ్లండులోనే కుట్టారని ఎక్కువమంది చరిత్రకారులు అంటారు. కుట్టించింది విలియం తమ్ముడు ఓడో అయ్యుండాలి. తల్లి ఒకరే, తండ్రులు వేరు. ఆ ఓడో బాయో ఊరికి బిషప్.

మేం మొదటిసారి వెళ్ళినప్పుడు అన్నీ తప్పులే చేశాం. భీమవరం నుంచి మా అత్తగారు వచ్చి ఉన్నారు, పాపకు అప్పుడు ఆరేళ్ళు. పొద్దున్నే పారిస్‌లో రైలెక్కాం, టిఫిన్ సరిగా తినలేదు. లోపలికి వెళ్ళాక నేనేమో ప్రతి బొమ్మ దగ్గరా ఆగి లాటిన్ అక్షరాలు కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టాను. పదో బొమ్మ దగ్గర పాప "అమ్మా, ఇంకెంత ఉంది?" అంది. పదిహేనో బొమ్మ దగ్గర కింద కూర్చుంది. బయటికొచ్చాక మా అత్తగారు "బాగుంది కానీ అమ్మాయ్, ఎవరు ఎవర్ని చంపారో నాకు ఒక్క ముక్క ఎక్కలేదు" అన్నారు. తర్వాత కొన్నాళ్ళకు వేరే పద్ధతిలో చూశాం. ఆ పద్ధతే ఇక్కడ చెబుతున్నాను.

1. ముందు బట్ట ఏ ఊళ్ళో ఉందో కనుక్కోండి

ఇది నవ్వులాటకు అంటున్నది కాదు. బాయోలోని పాత మ్యూజియాన్ని కొత్తగా కట్టడం కోసం 2025 సెప్టెంబర్ 1 నుంచి మూసేశారు. 2027 అక్టోబరులో తెరుస్తామని ప్రకటించారు. ఈ మధ్యలో బట్టను లండన్ బ్రిటిష్ మ్యూజియానికి అరువిస్తున్నట్టు 2025 జూలైలో చెప్పారు. అక్కడ ప్రదర్శన 2026 సెప్టెంబర్ నుంచి 2027 జూలై వరకు. కాబట్టి టికెట్లు కొనేముందు రెండు మ్యూజియాల వెబ్‌సైట్లూ ఒకసారి చూసుకోండి. ఇలాంటి తేదీలు అటూ ఇటూ కావడం మామూలే.

ఇండియా నుంచి వచ్చేవాళ్ళు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. లండన్‌కు బ్రిటన్ వీసా, బాయోకు షెంగెన్ వీసా. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనుకుని అమ్మానాన్నలకు టికెట్లు బుక్ చేసి, తర్వాత టెన్షన్ పడిన వాళ్ళు నాకు తెలుసు.

బ్రిటిష్ మ్యూజియంలోకి వెళ్ళడం ఉచితమే, కానీ ఇలాంటి ప్రత్యేక ప్రదర్శనకు టైమ్ వేసిన టికెట్ కొనాలి. గేటు దగ్గర బ్యాగులు చూస్తారు. చక్రాల సూట్‌కేసులు లోపలికి రానివ్వరు. విమానం దిగి సామాన్లతో నేరుగా అక్కడికి వెళ్ళే ఆలోచన ఉంటే మానుకోండి.

2. నకలు ముందు, అసలు తర్వాత

నన్నడిగితే అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. లండన్ ప్యాడింగ్టన్ స్టేషన్ నుంచి ఫాస్ట్ రైలెక్కితే అరగంటలో రెడింగ్ వస్తుంది. మన తెలుగువాళ్ళు, ముఖ్యంగా ఐటీ వాళ్ళు, ఎక్కువగా ఉండే ఊరు. స్టేషన్ నుంచి అయిదు నిమిషాలు నడిస్తే పాత టౌన్‌హాల్ భవనంలో రెడింగ్ మ్యూజియం. అందులో ఒక గది నిండా, గోడల చుట్టూ గాజు పెట్టెల్లో, బాయో బట్టకు పూర్తి కొలతల నకలు ఉంది. పొడవు, ఎత్తు, రంగులు అన్నీ అసలు లెక్కే. రద్దీ ఉండదు. పాప కింద కూర్చున్నా ఎవరికీ అడ్డం కాదు. ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటూ మేం కూడా బాయో వెళ్ళి వచ్చాకే ఈ గదిలో అడుగుపెట్టాం, అదో సిగ్గు! వారంలో కొన్ని రోజులు మ్యూజియానికి సెలవు ఉంటుంది, బయల్దేరేముందు చూసుకోండి.

ఈ నకలు వెనక కథ నాకు అసలు బట్ట కథంత ఇష్టం. స్టాఫర్డ్‌షైర్‌లో లీక్ అని ఒక చిన్న ఊరు. అక్కడి ఎలిజబెత్ వార్డిల్ అనే ఆవిడ "మన దేశం కథ ఉన్న బట్ట ఫ్రాన్సులో ఉంది, ఇంగ్లండుకూ ఒకటి ఉండాలి" అని సంకల్పించి, 1885లో 35 మందికి పైగా ఆడవాళ్ళను కూడగట్టి, ఏడాది చిల్లరలో మొత్తం కుట్టించింది. దారాలకు రంగులద్దింది ఆవిడ భర్త థామస్ వార్డిల్. ఆయనకు మన దేశంతో గట్టి లంకె ఉంది. దసలి పట్టు, అంటే అడవిలో దొరికే టస్సర్ పట్టు, దానికి రంగు ఎలా పట్టించాలా అని ఏళ్ళ తరబడి తంటాలు పడినవాడు. పట్టు సంగతులు చూడటానికి 1885 చివర్లో ఇండియా కూడా వచ్చాడు. 1895లో రెడింగ్ మాజీ మేయర్ ఆర్థర్ హిల్ ఈ నకలును 300 పౌండ్లకు కొని ఊరికి ఇచ్చేశాడు. అప్పటినుంచి అది రెడింగ్ సొత్తే.

రెడింగ్ నకలులో తాతయ్యలూ నానమ్మలూ ఉన్న కుటుంబానికి ఒక అదనపు సౌకర్యం కూడా ఉంది. అసలు బట్ట అంచుల్లో అక్కడక్కడా బట్టల్లేని మనుషులు కనిపిస్తారు, ఏ మొహమాటమూ లేకుండా. అత్తగారూ పిల్లలూ పక్కన ఉండగా అక్కడ నిలబడి వివరించడం మన ఇళ్ళలో కొంచెం కష్టమైన పనే. రెడింగ్ నకలులో అలాంటి కొందరికి నిక్కర్లు తొడిగారు. లీక్ ఆడవాళ్ళు సిగ్గుపడి చేశారని చాలాకాలం అనుకున్నారు. కానీ వాళ్ళకు నమూనాగా ఇచ్చిన ఫొటోల్లోనే, లండన్ సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియం మగ ఉద్యోగులు ముందే ఆ మార్పులు చేశారట. ఆడవాళ్ళు ఉన్నది ఉన్నట్టు కుట్టారు, మాట మాత్రం వాళ్ళు పడ్డారు.

3. ఇంట్లో ఒకరు కథ నేర్చుకోండి

చేర్యాల పటం కథ చెప్పేవాళ్ళను ఎప్పుడైనా చూశారా? పటం విప్పుతూ, బొమ్మ చూపిస్తూ ఒకరు చెబుతుంటారు, ఊరంతా వింటుంది. కాళహస్తి కలంకారీలో రామాయణం వేసి, బొమ్మల పక్కన తెలుగులో రెండు ముక్కలు రాస్తారే, ఈ బట్ట కూడా ఆ రకమే. బొమ్మల పైన చిన్న చిన్న లాటిన్ వాక్యాలు. చదువుకోవడానికి అవి చాలవు, చెప్పేవాడికి అందించే చీటీల్లాంటివి అవి. అందుకే ఆడియో గైడు చెవిలో పెట్టుకుని నలుగురూ నాలుగు లోకాల్లో నడిచేకన్నా ఒకరు తెలుగులో చెప్పడం, మిగతావాళ్ళు వినడం నయం. మా ఇంట్లో ఆ పని మా ఆయనకు అప్పగించాం. ఆయన రాత్రి అన్నం తింటూ ఇలా చెప్పారు:

"ఇంగ్లండు రాజు ఎడ్వర్డ్. పిల్లల్లేరు. ఆయన భార్య ఈడిత్. ఆమె అన్నదమ్ముల్లో ఒకడు హెరాల్డ్, అంటే రాజుగారి బావమరిది, దేశంలో రాజు తర్వాత అంతటివాడు. సముద్రానికి అవతల నార్మండీలో విలియం. ఎడ్వర్డ్ ఇతనికి చుట్టమే, విలియం నాన్నకు మేనత్త కొడుకు."

ఈ ఒక్క పేరాతో మా అత్తగారికి సగం కథ అర్థమైపోయింది. "అయితే ఆస్తి తగాదా అన్నమాట" అన్నారు. అంతే మరి.

మిగతాది ఇది. హెరాల్డ్ ఓడెక్కి అవతలి ఒడ్డుకు వెళతాడు. ఎందుకు వెళ్ళాడో బట్ట చెప్పదు. అక్కడ గై అనే దొర పట్టుకుంటాడు, విలియం విడిపించుకుంటాడు. ఇద్దరూ కలిసి పక్క రాజ్యం మీదికి యుద్ధానికి వెళతారు. దారిలో మోంసేంమిషెల్ దగ్గర ఊబిలో చిక్కుకున్న సైనికులను హెరాల్డ్ ఒకణ్ణి వీపున వేసుకుని, ఇంకొకణ్ణి చెయ్యిపట్టి లాగుతాడు. తర్వాత విలియం ముందు, రెండు పవిత్ర పేటికల మీద చెరో చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తాడు. రాజ్యం నీకే దక్కేలా చూస్తానని మాటిచ్చాడని నార్మన్ల వాదన. కాణిపాకంలో ప్రమాణం చేసి తప్పితే ఏమవుతుందని మనవాళ్ళు నమ్ముతారో, ఆ కాలపు క్రైస్తవులకు ఈ పేటికల మీద చేసిన ప్రమాణం అలాంటిది. ఇంటికి తిరిగొచ్చాక, 1066 జనవరిలో ఎడ్వర్డ్ చనిపోతాడు, మర్నాడే హెరాల్డ్ కిరీటం పెట్టుకుంటాడు. ఆకాశంలో తోకచుక్క. అవతల విలియం చెట్లు కొట్టించి ఓడలు కట్టిస్తాడు. గుర్రాలతో సహా సముద్రం దాటుతాడు. అక్టోబర్ 14న హేస్టింగ్స్ దగ్గర పొద్దస్తమానం యుద్ధం. హెరాల్డ్ తమ్ముళ్ళు పోతారు, చివరికి హెరాల్డ్ పోతాడు.

చెప్పేవాళ్ళు ఇంకో సంగతి కలిపి చెప్పాలి. ఆ యుద్ధానికి మూడు వారాల ముందే, సెప్టెంబర్ 25న, హెరాల్డ్ ఉత్తరాన నార్వే సైన్యాన్ని ఓడించి, అలసిన మనుషులతో దక్షిణానికి వచ్చాడు. బట్టలో ఆ సంగతి ఎక్కడా లేదు. గెలిచినవాడి తమ్ముడు కుట్టించిన బట్ట అని గుర్తుపెట్టుకోండి.

4. పిల్లలకు వెతికే పని పెట్టండి

చరిత్ర వినమంటే పిల్లలు వినరు. వెతకమంటే మాత్రం పోటీ పడతారు. ఒక కాగితం, పెన్సిల్ ఇచ్చి ఇవి వెతకమనండి:

- కాకీ, నక్క. బట్టకు చీరలాగే పైనా కిందా అంచులున్నాయి. వాటిలో పక్షులు, జంతువులు, నీతికథల బొమ్మలు. కాకి నోట్లోంచి జున్నుముక్క రాబట్టిన నక్క కథ ఒక్కసారితో అయిపోదు, మళ్ళీ వస్తుంది. ఎన్నిసార్లో లెక్కపెట్టమనండి.
- నీలం గుర్రం. ఉంది, ఒకటి కాదు. పైగా ఒకే గుర్రానికి ఇవతలి కాళ్ళు ఒక రంగు, అవతలి కాళ్ళు ఇంకో రంగు.
- మీసం. మీసం ఉంటే ఇంగ్లీషువాడు, తల వెనక భాగం గొరిగించుకుని ఉంటే నార్మన్. మొదట్లో ఈ లెక్క బాగా పనికొస్తుంది, యుద్ధం ముదిరాక కలగాపులగం అవుతుంది.
- ఆడవాళ్ళు. ఆరు వందలకు పైగా మనుషుల్లో, అంచులు వదిలేస్తే, నడిమి కథలో ముగ్గురే. ఒకరు రాజు మంచం దగ్గర ఏడుస్తున్న ఈడిత్. ఒకరు తగలబడుతున్న ఇంట్లోంచి బిడ్డ చెయ్యిపట్టుకుని వస్తున్న తల్లి. మూడో ఆమె పేరు ఎల్ఫ్‌గీవా అని రాసి ఉంది. ఆమె ఎవరో, అక్కడెందుకు ఉందో ఇన్ని వందల ఏళ్ళలో ఎవరూ తేల్చలేకపోయారు.

మా పాప మొదటి రెండూ వదిలేసి, "ఆ ఇంటికి నిప్పెందుకు పెట్టారు?" దగ్గర ఆగిపోయింది. సమాధానం సిద్ధంగా పెట్టుకోండి. యుద్ధం మొదలయ్యాక కింది అంచు నిండా శవాలే. తలలు తెగినవాళ్ళు, చచ్చినవాళ్ళ ఒంటిమీది కవచాలు ఊడబెరుకుతున్నవాళ్ళు. కుట్టుబొమ్మలు కాబట్టి అంత భయం పుట్టదు. అయినా చిన్నపిల్లలుంటే అక్కడ కొంచెం వేగంగా నడవండి.

5. పెద్దవాళ్ళ సంగతి

లోపల వెలుతురు తక్కువ. వెయ్యేళ్ళ నాటి రంగులు వెలిసిపోకుండా అలా ఉంచుతారు. వెళ్ళగానే రెండు నిమిషాలు ఒకచోట నిలబెట్టండి, కళ్ళు అలవాటు పడతాయి. దగ్గరి చూపు అద్దాలు మర్చిపోతే అత్తగారి ప్రయాణమంతా వృథా. బాత్రూమ్ పని ముందే కానివ్వండి. కడుపులో ఏదో ఒకటి పడ్డాకే లోపలికి వెళ్ళండి.

6. రెండుసార్లు నడవండి

మొదటిసారి ఆగకుండా. కథ చెప్పేవాళ్ళు ముందు, మిగతావాళ్ళు వెనక. ఒక్కో బొమ్మకు ఒక్క వాక్యం. "అదిగో ఓడెక్కాడు. అదిగో పట్టుబడ్డాడు." అంతకు మించితే నాలాగే అవుతుంది. రెండోసారి ఎవరికి నచ్చిన చోట వాళ్ళు ఆగొచ్చు. రెడింగ్‌లో ఇది హాయిగా కుదురుతుంది. రద్దీ ఉండే పెద్ద ప్రదర్శనలో వెనక్కి నడవడం కుదరకపోవచ్చు, అందుకే రెండో నడక రెడింగ్‌లోనే కానివ్వమంటాను. అసలు దాని ముందు నిలబడేసరికి ఎక్కడ ఆగాలో మీకు ముందే తెలిసి ఉంటుంది.

7. ఎక్కడ ఆగాలంటే

ఎడ్వర్డ్ చావు దగ్గర. ముందు శవయాత్ర, తర్వాత మంచం మీద మరణం! వరస తిరగబడింది. పొరపాటున కుట్టారా, కావాలనే కుట్టారా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. మీ పిల్లల చేత కూడా ఒక ఊహ చెప్పించండి.

తోకచుక్క దగ్గర తప్పకుండా ఆగండి. ఒక గుంపు మెడలెత్తి, వేళ్ళు చూపిస్తూ నిలబడి ఉంటుంది. పైన "ఇస్తీ మిరాంట్ స్తెల్లా" అని మూడు మాటలు. "వీళ్ళు చుక్కను చూసి విస్తుపోతున్నారు" అని. అది హేలీ తోకచుక్క, 1066 వసంతంలో నిజంగానే కనిపించింది. తోకచుక్క పుడితే రాజుకు కీడు అని మనవాళ్ళు అనేదే వాళ్ళూ అనుకున్నారు. పక్కనే సింహాసనం మీద హెరాల్డ్, మొహంలో కళ లేదు. ఆయన కాళ్ళ కింద అంచులో మనుషుల్లేని ఖాళీ ఓడలు, గీతలు మాత్రమే. రాబోయేది ఆయనకు అప్పుడే కళ్ళకు కట్టినట్టు. 1986లో ఈ తోకచుక్క మళ్ళీ వచ్చినప్పుడు మా అత్తగారు మేడ మీదికెక్కి వెతికారట, కనపడలేదట. 2061లో మళ్ళీ వస్తుంది. పాప తన వయసెంతవుతుందో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది.

వంట దగ్గర. ఇంగ్లండులో దిగగానే సైన్యం చేసిన మొదటి పని భోజనాలు. ఒక పెద్ద గిన్నె నిప్పు మీద వేలాడుతోంది, చువ్వలకు గుచ్చి కోళ్ళు కాల్చారు, ఒకడు పొయ్యిలోంచి వేడివేడిగా తీసి పళ్ళెంలో పెడుతున్నాడు, డాళ్ళనే బల్లలుగా పరిచి వడ్డిస్తున్నారు. వెంటనే పక్కన బిషప్ ఓడో భోజనానికి ముందు ప్రార్థన చేస్తున్నాడు. "యుద్ధానికొచ్చి ముందు భోజనాల ఏర్పాట్లా?" అని అత్తగారు మెచ్చుకున్నారు. పెళ్ళిళ్ళలో వంటవాళ్ళను అజమాయిషీ చేసిన మనిషి కదా.

విలియం శిరస్త్రాణం ఎత్తే చోట. యుద్ధం మధ్యలో ప్రభువు చచ్చిపోయాడని పుకారు లేస్తుంది. విలియం గుర్రం మీదే వెనక్కి తిరిగి, ఇనుప టోపీ పైకెత్తి మొహం చూపిస్తాడు.

ఇక కంట్లో బాణం. "హెరాల్డ్ రాజు హతుడయ్యాడు" అన్న మాటల కింద ఇద్దరున్నారు. ఒకడు కంటి దగ్గర బాణాన్ని పట్టుకున్నాడు, ఇంకొకడు గుర్రపు రౌతు కత్తి దెబ్బకు ఒరిగిపోతున్నాడు. ఎవరు హెరాల్డ్? ఇద్దరూ ఆయనేనా? పైగా 1700ల్లో గీసుకున్న బొమ్మలకూ ఇప్పుడున్న కుట్టుకూ ఆ చోట తేడా ఉంది. తర్వాతెప్పుడో బాగుచేసినవాళ్ళ సూది పడిందక్కడ. అంచేత నమ్మకంగా ఏదీ చెప్పకండి.

చివరి ముక్క లేదు. పారిపోతున్న ఇంగ్లీషు సైనికుల దగ్గర బట్ట చిరిగి ఆగిపోతుంది. 1066 క్రిస్మస్ నాడు విలియంకు జరిగిన పట్టాభిషేకం అందులో ఉండేదని ఊహ. "మిగతాది ఎవరు చింపారు?" అని పాప అడిగింది. అసలు ఇంతైనా మిగలడమే వింత. ఫ్రెంచి విప్లవం రోజుల్లో, 1792లో, దీన్ని సామాన్ల బండి మీద కప్పడానికి తీసుకుపోతుంటే ఒక లాయరు అడ్డుపడి కాపాడాడని చెబుతారు.

8. కుట్టు చూడండి, తర్వాత కుట్టిన పేర్లు చూడండి

ఇది ఇంట్లో సూది పట్టిన వాళ్ళుంటే. గీతలు, అక్షరాలు కాడకుట్టు. లోపలి రంగు నింపింది వేరే రకం. ముందు ఖాళీ అంతా పక్కపక్కన పొడుగు దారాలు పరిచేస్తారు. వాటి మీద అడ్డంగా, కొంచెం కొంచెం ఎడంతో, ఇంకో వరస దారాలు వేస్తారు. ఆ అడ్డ దారాలను చిన్న చిన్న కుట్లతో బట్టకు అదిమేస్తారు. దారమంతా పైనే ఉంటుంది, వెనక వైపు పెద్దగా పోదు. "దారం భలే పొదుపు చేశారు" అని మా అత్తగారు గాజుకు ముక్కు ఆనించి చూస్తూ అన్నారు. రంగులు మూడు మొక్కలవి. ఎరుపు మంజిష్ఠ జాతి వేరుది, పసుపు ఒక గడ్డిమొక్కది, నీలం వోడ్ అనే ఆకుది. ఆ ఆకులో ఉండేది మన నీలిమందులోని నీలమే. ఈ మూడింటినే కలిపి, చిక్కగానో పల్చగానో అద్ది సుమారు పది రంగులు సాధించారు.

అసలు బట్ట ఎవరు కుట్టారో ఒక్కరి పేరూ తెలియదు. రెడింగ్‌లో కింది వరసకు చూపు దించండి. ఎవరు కుట్టిన ముక్క కింద వాళ్ళ పేరు దారంతో కుట్టి ఉంటుంది. అత్తగారికి ఇంగ్లీషు కూడబలుక్కోవడం వచ్చు. మేం ముందుకు వెళ్ళిపోయినా ఆవిడ కదల్లేదు. తిరిగొచ్చి చూస్తే ఒక్కో పేరూ చదువుతున్నారు, యుద్ధం బొమ్మలకు చూపించనంత శ్రద్ధగా. "నేను మీ ఆడపడుచు పెళ్ళికి ఎన్ని జాకెట్లు కుట్టానో, ఒక్కదాని మీద పేరేసుకోవాలని తట్టలేదే" అన్నారు.

9. బాయో ఊరికి వెళితే

మ్యూజియం మళ్ళీ తెరిచాక వెళ్ళేవాళ్ళకు. పారిస్ సేంలజార్ స్టేషన్ నుంచి రెండున్నర గంటల లోపు రైలు ప్రయాణం. ఊరు చిన్నది, నడిచే దూరాలే. 1077లో ప్రతిష్ఠించిన కెథీడ్రల్ చూడండి. ఆ కెథీడ్రల్ 1476 నాటి సామాన్ల పట్టీలోనే ఈ బట్ట ప్రస్తావన మొదటిసారి దొరుకుతుంది. ఏటా పండగ రోజుల్లో చర్చి లోపల చుట్టూ కట్టేవారట.

ఊరి పక్కనే రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయిన బ్రిటిష్, కామన్వెల్త్ సైనికుల శ్మశానం ఉంది. ఎదురుగా స్మారకం మీద లాటిన్‌లో ఒక వాక్యం చెక్కారు: "ఒకప్పుడు విలియం చేతిలో ఓడిన మేము ఆ విజేత పుట్టిన దేశానికి విముక్తి తెచ్చాం." ఆ వాక్యం కుట్టు బట్ట చూసిన మర్నాడు చదివితేనే అందుతుంది. కాబట్టి వరస తప్పకండి.

10. ఇంటికొచ్చాక

మ్యూజియం దుకాణంలో డబ్బు తగలేసేకన్నా ముతక నూలు బట్ట ఒక జానెడు, ఉన్ని దారం నాలుగు రంగులు, మొద్దు సూది ఒకటి కొనండి. తోకచుక్క సులువైన బొమ్మ. పెన్సిల్‌తో గీయించి, గీత మీద కాడకుట్టు, లోపల పైన చెప్పిన మూడు వరసల కుట్టు. ఆరేడేళ్ళ పిల్లలకు గీత వరకు చాలు, నింపడం పెద్దవాళ్ళు చెయ్యాలి. బట్టను ఫ్రేములో బిగించకపోతే ముడుచుకుపోతుంది. దారం చెయ్యిపొడవు కన్నా ఎక్కువ తీస్తే చిక్కుపడుతుంది.

మా ఇంట్లో తోక సగంలో ఎర్ర దారం అయిపోయింది, మిగతా సగం నారింజ రంగు. కింద పాప పేరు, దాని పక్కన నానమ్మ పేరు తెలుగులో. "ల" వత్తు దగ్గర అత్తగారు మూడుసార్లు విప్పి కుట్టారు.